ఎగ్జిమా బిడ్డకు పొక్కులొస్తే ఆటలమ్మ అనుకుని ఆగొద్దు

సంపాదకుల వారికి నమస్కారం.

విశాఖలో ఉక్కపోత మొదలైతే చాలు, ఎగ్జిమా (విడవని దురదతో మళ్లీ మళ్లీ తిరగబెట్టే చర్మవ్యాధి) ఉన్న పిల్లల మెడ, మోచేతి మడతలు ఎర్రబడి రసి కారతాయి. తల్లులకు అది అలవాటైన సంగతే. ఆ అలవాటులోనే ఒక ప్రమాదం కంటపడకుండా పోతోంది. పెదవి మీద జ్వరపు పొక్కు తెచ్చే హెర్పిస్ వైరస్, గోకి గోకి పలచబడిన ఆ చర్మంలో చేరితే ఒకచోట ఆగదు. రోజుల్లోనే ముఖం, మెడ కమ్మేస్తుంది. డాక్టర్లు దీన్ని ఎగ్జిమా హెర్పెటికమ్ అంటారు.

బిడ్డను వెలుతురులోకి తెచ్చి దగ్గరగా చూడండి. ఆవగింజంత నీటిపొక్కులు గుంపులుగా, అన్నీ ఇంచుమించు ఒకే సైజులో ఉంటాయి. కొన్నింటికి నడుమ చిన్న గుంట. అవి చిట్లాక మిగిలే పుండ్లే అసలు ఆనవాలు: కాగితానికి పంచింగ్ మిషన్‌తో చిల్లు పెట్టినట్టు గుండ్రంగా, 1 నుంచి 3 మిల్లీమీటర్ల వెడల్పున. నిన్నటిదాకా దురదన్న బిడ్డ ఇవాళ నొప్పంటుంది, చెయ్యి వెయ్యనివ్వదు. జ్వరం వస్తుంది, మెడ పక్కన బిళ్లలు కడతాయి.

ఆటలమ్మ అయితే పొక్కులు విడతలుగా వస్తాయి. ఎర్రమచ్చ, నీటిపొక్కు, ఎండిన పక్కు ఒకేసారి కనిపిస్తాయి, ఛాతీ, వీపు మీద ఎక్కువ. తేనెరంగు పక్కులు బాక్టీరియావి. కానీ బాక్టీరియా, హెర్పిస్ రెండూ కలిసి ఉండొచ్చు. యాంటీబయాటిక్ వాడుతున్నా పుండ్లు పెరుగుతుంటే వైరస్‌ను అనుమానించాల్సిందే.

అమ్మవారికి మొక్కుకోండి, తప్పులేదు. వేపాకు పరిచి వారం రోజులు ఆగడమే వద్దు. మందుల షాపులో ఇచ్చే కలగలుపు ట్యూబు ఇంకా చేటు. అందులో స్టిరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు ఉంటాయి, వైరస్‌ను ఆపేది ఒక్కటీ ఉండదు. పైగా స్టిరాయిడ్ ఎరుపును అణచి, తగ్గుతోందన్న భ్రమ కల్పిస్తుంది. దీనికి మందు ఏసైక్లోవిర్. పరీక్ష ఫలితం కోసం ఆగకుండా, బరువును బట్టి డాక్టరు మొదలుపెట్టాలి. నెలల పిల్లలకు, బాగా నీరసించిన వారికి రక్తనాళంలోకి ఎక్కిస్తారు. ఆదివారమైతే సోమవారం ఓపీ దాకా ఆగకండి, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాలిటీకైనా తీసుకెళ్లండి. కంటిరెప్ప మీద పొక్కు కనిపించినా, కన్ను ఎర్రబడినా అదే రోజు కంటి డాక్టరు కూడా చూడాలి. నల్లగుడ్డు మీద పుండు పడితే మచ్చ మిగిలి చూపు తగ్గుతుంది.

ఇంట్లో ఎవరికైనా పెదవి మీద పొక్కు లేస్తే, అది పూర్తిగా ఎండి పక్కు రాలేదాకా ఎగ్జిమా బిడ్డను ముద్దాడకూడదు, తువ్వాలు కూడా వేరుగా పెట్టుకోవాలి.

— చర్మవ్యాధుల వైద్యురాలు, విశాఖపట్నం