కుషాదాసి టూరుపై ఫిర్యాదు, డబ్బు వాపసు కోసం

మేనేజర్ గారికి,

నమస్కారం. గత నెల మా అమ్మానాన్నలతో మీ ట్రావెల్స్ ద్వారా గ్రీసు, టర్కీ క్రూయిజ్‌కి వెళ్ళాం. ఓడ టర్కీలోని కుషాదాసి రేవులో ఆగిన రోజుకి మనిషికి 9,500 రూపాయలు విడిగా కట్టి మీ షోర్ ఎక్స్‌కర్షన్ (ఓడ దిగి చుట్టుపక్కల చూసే టూరు) తీసుకున్నాం. మీరిచ్చిన కాగితంలో ఎఫెసస్ అనే ప్రాచీన నగర శిథిలాలకు రెండున్నర గంటలు, షిరింజే పల్లెకు గంటన్నర అని ఉంది. షాపింగ్ అనే మాటే లేదు.

ఎఫెసస్‌లో మాకు దక్కింది గంటా పది నిమిషాలు. పై గేటు దగ్గర దింపి కింది గేటు దాకా పరుగే. ఆ పాలరాతి బాట నున్నగా అరిగి జారుతుంది. మోకాళ్ళ నొప్పులతో అమ్మ నా చెయ్యి పట్టుకుని ఒక్కో అడుగూ వేస్తుంటే, గైడు ముందునుంచి త్వరగా రమ్మని కేకలేశాడు. నాన్నగారు ముప్పై ఏళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పారు. అక్కడ రోమన్ అధికారి సెల్సస్ పేరిట ఉన్న పురాతన గ్రంథాలయం కళ్ళారా చూడాలన్నది ఆయన కోరిక. గూళ్ళలోని నాలుగు స్త్రీ విగ్రహాల్లో జ్ఞానానికి గుర్తయిన సోఫియా ఏదో వెతుకుతూ, అసలు విగ్రహాలు వియన్నాలో ఉన్నాయని, ఇవి నకళ్ళని నాకు చెబుతున్నారు. మాట పూర్తికాకుండానే బస్సెక్కమన్నారు. ఆ కట్టడం కిందే సెల్సస్ సమాధి ఉందని గైడు చెప్పనైనా లేదు.

తొందర ఎందుకో తర్వాత అర్థమైంది. తివాచీల దుకాణంలో గంటా నలభై నిమిషాలు కూర్చోబెట్టారు. వెళ్దామంటే డ్రైవరు లేడన్నారు. ఓడ దగ్గరికి ఎలా చేరాలో తెలియదు, టైముకి వెళ్ళకపోతే అది వెళ్ళిపోతుంది. ఆ టెన్షన్‌తో బస్సుని వదిలి పోలేకపోయాం. మీ మనుషులకి ఆ సంగతి బాగా తెలుసు.

షిరింజేలో ఇరవై నిమిషాలు. గ్రీసు, టర్కీ మధ్య 1923లో కుదిరిన జనాభా మార్పిడి ఒప్పందంతో గ్రీకులు ఊరు వదిలి వెళ్ళాక, గ్రీసు నుంచి వచ్చిన ముస్లిం కుటుంబాలు స్థిరపడ్డ పల్లె అది. ఒక పెద్దావిడ గుమ్మం ముందు సన్నటి పొడవాటి కర్రతో రొట్టె ఒత్తుతూ అమ్మని పక్కన కూర్చోమని సైగ చేసింది. అమ్మ కూర్చునేలోపే హారన్ మోగింది. ఇంటికొచ్చాక కూడా అమ్మ ఆవిడ గురించే చెబుతోంది.

మా ముగ్గురికి కట్టిన 28,500లో సగం, 14,250 రూపాయలు, పదిహేను రోజుల్లో వాపసు ఇవ్వండి. దుకాణానికి తీసుకెళ్ళేట్లయితే ఎంతసేపో కాగితంలో రాయండి, ఇష్టం లేనివాళ్ళు ముందే మానుకుంటారు. జవాబు రాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. రసీదు, టూరు కాగితం, టైము కనబడే ఫొటోలు జతచేశాను.

ఇట్లు,
మీ ప్రయాణికుడు
హైదరాబాద్