రాత్రి మార్చిన రేటు తెల్లారి కౌంటర్‌కి ఎందుకు రాలేదంటే

మా దగ్గర బిల్లింగ్ బాక్స్ (కౌంటర్లో బిల్లు కొట్టే చిన్న కంప్యూటర్) పెట్టించుకున్న షాపుల వాళ్లందరికీ నమస్కారం.

కిందటి నెల నుంచి పలాస, టెక్కలి, నరసన్నపేట, రాజాం బ్రాంచీల నుంచి ఒకటే ఫిర్యాదు. మెయిన్ షాపులో రాత్రి రేటు మార్చి ఇంటికెళ్తే, తెల్లారి బ్రాంచి కౌంటర్లో పాత రేటే పడుతోంది. పలాస జీడిపప్పు వ్యాపారి ఒకాయన ఫోన్ చేసి, "ఏటి బావూ, డబ్ల్యూ 320 రేటు రాత్రి పది గంటలకే మార్చీసినాను. పొద్దున్న కుర్రోడు పాత రేటుకే బిల్లు కొట్టీసినాడు" అన్నారు. డబ్ల్యూ 320 అంటే జీడిపప్పులో ఒక గ్రేడు. ఆయన కోపం న్యాయమైనది. జీడిపప్పులో కిలోకి పది రూపాయలు తేడా వస్తే బస్తాల లెక్కలో ఎంత పోతుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

తప్పు ఎక్కడుందో దొరికింది. సరిచేశాం కూడా. అసలేం జరిగిందో మీకు పూర్తిగా చెప్పాలి. పోయిన డబ్బు మీది, కౌంటర్లో మాట పడ్డది మీ దగ్గర పనిచేసే పిల్లలు.

బాక్స్ రోజుకి రెండుసార్లు, ఉదయం 6 గంటలకి, రాత్రి 9 గంటలకి, సర్వర్లో ఉన్న మీ రేట్ల ఫైల్ కోసం వెళ్తుంది. వెళ్లిన ప్రతిసారీ "నేను కిందటిసారి వచ్చి వెళ్లాక ఫైల్ ఏమైనా మారిందా?" అని అడుగుతుంది. మారితే తెస్తుంది, లేకపోతే ఊరుకుంటుంది. మీలో సగం మందికి డాంగిల్ నెట్టే కాబట్టి, డేటా ఊరికే కాలిపోకూడదని ఈ ఏర్పాటు. ఆ అడిగే పని చేసేది కర్ల్ అనే కమాండ్ లైన్ టూల్, అంటే టైప్ చేసిన ఆజ్ఞతో నడిచే ప్రోగ్రాం. స్వీడన్‌కి చెందిన డేనియల్ స్టెన్‌బర్గ్ 1998లో విడుదల చేసిన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఆయనా, ఇంకెందరో కలిసి దాన్ని నడుపుతున్నారు. మా పనిలో నేను ఎక్కువ నమ్మే టూల్ అదే.

మొదట నెట్ మీద అనుమానం వచ్చింది. నెట్ బాగానే ఉంది. సర్వర్ చూశాం, కొత్త ఫైల్ అక్కడ ఉంది. మరి ఒకరోజు వచ్చి ఒకరోజు రాకపోవడం ఏమిటి? అప్పుడు ఎవరు ఏ టైమ్‌లో రేట్లు మారుస్తున్నారో వరసగా రాసుకుని చూశాం. మధ్యాహ్నం మార్చేవాళ్లకి ఎప్పుడూ ఇబ్బంది రాలేదు. కౌంటర్ కట్టేశాక మార్చేవాళ్లకీ, పొద్దున్నే మార్చేవాళ్లకీ మాత్రమే వచ్చింది. ఇక్కడితో సంగతి సగం తేలిపోయింది. ఇది నెట్ గొడవ కాదు, గడియారం గొడవ.

మా షాపులో ఒక బాక్స్ పెట్టి, కర్ల్ సర్వర్‌కి ఏం చెబుతోందో స్క్రీన్ మీద కనిపించేలా నడిపాం. ఒక లైన్ ఇలా వచ్చింది: ఇఫ్-మాడిఫైడ్-సిన్స్, 18 నవంబర్ 2025, 21:00:00 జీఎంటీ. అంటే, ఈ టైమ్ తర్వాత ఫైల్ మారి ఉంటేనే పంపు అని. చివర ఉన్న ఆ జీఎంటీ చూడండి. అది గ్రీనిచ్ టైమ్, మన టైమ్ కన్నా ఐదున్నర గంటలు వెనక ఉంటుంది. బాక్స్ వెళ్లింది మన రాత్రి 9కి. అది జీఎంటీలో మధ్యాహ్నం 15:30 అవ్వాలి. 21:00 జీఎంటీ అంటే మనకి తెల్లవారుజామున 2.30. అంటే బాక్స్ రాత్రి 9కి వెళ్లి, 2.30కి వెళ్లినట్టు చెప్పుకుంటోంది. పది గంటలకి మార్చిన రేటు దాని లెక్కలో పాతదే.

ఎందుకలా? కిందటిసారి వెళ్లిన టైమ్‌ని బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ ఒక చిన్న ఫైల్లో రాసిపెడుతుంది. ఇదివరకు ఆ టైమ్ చివర ప్లస్ 0530 అని, అంటే జీఎంటీకి ఐదున్నర గంటలు ముందు అని, ఉండేది. కిందటి నెల వచ్చిన కొత్త వెర్షన్ నుంచి ఆ ముక్క ఎగిరిపోయింది. టైమ్ జోన్ రాయని తేదీ ఇస్తే కర్ల్ దాన్ని జీఎంటీగా తీసుకుంటుంది. దాన్ని తప్పు పట్టలేం. వెబ్ సర్వర్ల మధ్య తేదీలు జీఎంటీలోనే నడుస్తాయి. మన ఐదున్నర గంటల తేడా 82.5 డిగ్రీల రేఖాంశం నుంచి వచ్చింది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున 330 నిమిషాలు. ఆ రేఖ కాకినాడ దగ్గర్నుంచే పోతుంది. ఇంత దగ్గర ఉన్న లెక్క మన కౌంటర్లో మాయమైపోవడం నాకు బాధగానే ఉంది.

ఇంకో సంగతి కూడా బయటపడింది. సర్వర్ ఫైల్ పంపినా సరే, కర్ల్ దాని తేదీ తనే మళ్లీ చూసుకుని, కొత్తది కాదని పక్కన పెట్టేస్తుంది. అందుకే సర్వర్ సెట్టింగులు ఎంత మార్చినా లాభం లేకపోయింది.

తేదీ చివర ఐఎస్‌టీ అని, అంటే ఇండియన్ స్టాండర్డ్ టైమ్ అని, రాస్తే సరిపోదా అని మా కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్నే, మా బాక్స్ మీద చేసి చూశాం. కర్ల్‌కి ఆ పేరు తెలీదు. ఇజ్రాయెల్ వాళ్లూ ఐర్లండ్ వాళ్లూ కూడా తమ టైమ్‌ని ఐఎస్‌టీ అనే రాస్తారు, అది ఎవరిదని అనుకోవాలి? తేదీ అర్థం కాకపోతే కర్ల్ ఆ షరతే తీసేసి మొత్తం ఫైల్ ప్రతిసారీ తెచ్చేస్తుంది. ఒక హెచ్చరిక రాస్తుంది గానీ, సైలెంట్ మోడ్‌లో నడుస్తుంటే అది కూడా కనబడదు. రేట్లు సరిగ్గానే వస్తాయి, మీ డాంగిల్ డేటా మాత్రం అయిపోతుంది. అందుకే ఆ దారి వద్దనుకున్నాం.

ఇప్పుడు చేసిందేమిటంటే, రాసిపెట్టిన టైమ్ మీద ఆధారపడటం మానేశాం. ఫైల్ తెచ్చినప్పుడు సర్వర్లో దానికి ఏ తేదీ ఉందో అదే తేదీ బాక్స్‌లోనూ వేస్తున్నాం. మళ్లీ అడిగేటప్పుడు ఆ ఫైల్ తేదీనే చూపిస్తున్నాం. ఈ రెండింటికీ కర్ల్‌లోనే ఆప్షన్లు ఉన్నాయి. మధ్యలో మన టైమ్‌ని జీఎంటీలోకి మార్చే పనే లేదు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాళ్లకీ విషయం రాసి పంపాం.

కరెంటు పోయి వచ్చే చోట్ల ఇంకొకటి ఉంది. బాక్స్‌లో గడియారానికి బ్యాటరీ లేదు. కరెంటు వచ్చాక నెట్ నుంచి టైమ్ అందేదాకా అది పాత టైమ్‌లోనే ఉంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం ఊళ్లలో కరెంటు ఎన్నాళ్లు లేదో చూసినవాళ్లం. అన్ని రోజులు ఆగి లేచిన బాక్స్‌కి సర్వర్ అసలైనదేనని చూపే సర్టిఫికెట్ గడువు ఇంకా మొదలే కానట్టు కనిపించి, కనెక్షన్ తిరస్కరించవచ్చు. టైమ్ సరిపడేదాకా ఆగమని బాక్స్‌లో ఇప్పటికే పెట్టాం. పలాస, సోంపేట, మందస వైపు షాపులకి నాణెం బ్యాటరీ ఉన్న చిన్న గడియారం మాడ్యూల్ మా ఖర్చుతోనే బిగిస్తాం.

పాత 32 బిట్ బాక్సులు వాడుతున్నవాళ్లు కొద్దిమంది ఉన్నారు. వాటిలో సమయం లెక్క 2038 జనవరి 19న మన టైమ్ ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లు దాటగానే పట్టే హద్దు మించి తప్పిపోతుంది. ఇప్పుడే కంగారు లేదు, పాడైనప్పుడు మాత్రం అదే రకం మళ్లీ కొనకండి.

మీరు చేయాల్సింది ఒక్కటే. కిందటి నెల నుంచి రాత్రి 9 - 2.30 మధ్య, ఉదయం 6 - 11.30 మధ్య రేట్లు మార్చి ఉంటే, ఆ తర్వాత మళ్లీ పగలు 11.30 - రాత్రి 9 మధ్య మార్చని రోజుల బిల్లులు ఒకసారి చూసుకోండి. ఆ వేళలో ఇంకోసారి మార్చి ఉంటే ఫైల్ మొత్తం వచ్చేస్తుంది కాబట్టి ఆ రాత్రితో సర్దుకుని ఉంటుంది. పాత రేటుకి పడ్డ బిల్లుల లిస్టు ఏ షాపుకి కావాలన్నా మేం తీసి ఇస్తాం. వెళ్లిపోయిన గిరాకీ నుంచి ఆ తేడా మీకు తిరిగి రాదని తెలుసు. అందుకని ఈ నెల సర్వీస్ చార్జి ఎవరి దగ్గరా తీసుకోవడం లేదు. ఇప్పటికే కట్టినవాళ్లకి వచ్చే నెలలో తగ్గిస్తాం.

రాజాం, బొబ్బిలి, విజయనగరం షాపులకి మా కుర్రాడు ఈ వారంలోనే వస్తాడు. వచ్చినప్పుడు మీ ఎదురుగానే రాత్రి రేటు ఒకటి మార్చమనండి, పొద్దున్న కౌంటర్లో చూసుకుని అప్పుడే అతని కాగితం మీద సంతకం పెట్టండి.