జాగ్రత్తంతా మాదేనా?

సంపాదకులకు,

బ్యాంకుల పేరుతో వచ్చే దొంగ మెయిళ్ల గురించి పోయిన వారం మీ పేపర్లో వార్త వచ్చింది. అందులో బ్యాంకు అధికారి చెప్పిందల్లా ఒక్కటే, ఖాతాదారులు అప్రమత్తంగా ఉండాలని. ఉంటాం సార్. ఎలా ఉండాలో కూడా సెలవియ్యండి.

మా వీధి కిరాణా కొట్టాయనకు వచ్చిన మెయిల్ నేను చూశాను. అదే లోగో, అవే రంగులు. కేవైసీ అప్‌డేట్ చేయకపోతే ఈ రాత్రికే ఖాతా ఆగిపోతుందట. పంపినవారి దగ్గర బ్యాంకు పేరే కనబడుతోంది. దానిమీద నొక్కితే గానీ అసలు మెయిల్ ఐడీ బయటపడలేదు. అది ఏ ఊరిదో, ఎవరిదో! ఫోన్లో అలా నొక్కి చూసేవాళ్లు ఎంతమంది?

లింకులో ‘బ్యాంక్ డాట్ ఇన్’ అని కూడా ఉంది మరి. 2025 అక్టోబరు 31కల్లా బ్యాంకులన్నీ తమ వెబ్‌సైట్లను ఆ చిరునామాలోకి మార్చుకోవాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. ఆ చిరునామాలు ఇచ్చేది మన హైదరాబాద్‌లోని ఐడీఆర్‌బీటీ అనే రిజర్వ్ బ్యాంకు పెట్టిన సంస్థే. మంచి పనే, కాదనను. అయితే లింకులో మొదటి ఒంటి స్లాష్ గీతకు (/, మొదట్లో వచ్చే జంట గీతలు కాదు) ముందు చిట్టచివర ‘బ్యాంక్ డాట్ ఇన్’ ఉండాలి. దాని వెనక ఇంకో చుక్క, ఇంకేదో తోక ఉంటే అది దొంగదే. కొట్టాయనకు వచ్చినదానికి తోక ఉంది. ఈ ముక్క తెలుగులో రాసి మా శాఖలో అంటించిన పాపాన పోలేదు. గోడనిండా బీమా పథకాల పోస్టర్లే.

పైగా ‘లోన్ రెడీగా ఉంది, ఇక్కడ నొక్కండి’ అని పొద్దస్తమానం మెయిళ్లు పంపేది వీళ్లే. లింకులు నొక్కొద్దని నీతులు చెప్పేదీ వీళ్లే.

పాస్‌వర్డో ఓటీపీయో మనమే ఇచ్చేస్తే, బ్యాంకుకు ఫిర్యాదు చేసేదాకా పోయిన సొమ్మంతా మన నెత్తినే అని 2017లో రిజర్వ్ బ్యాంకు పెట్టిన నిబంధన. ఫిర్యాదు చేశాక పోతే బ్యాంకు భరించాలి. అంటే ప్రతి నిమిషమూ డబ్బే. తీరా శాఖకు ఫోన్ చేస్తే మోగీ మోగీ ఆగిపోతుంది. కస్టమర్ కేర్‌కు చేస్తే ఒకటి నొక్కు, రెండు నొక్కు, మధ్యలో క్రెడిట్ కార్డు ప్రకటన. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలన్న సంగతి కౌంటర్లో కూర్చున్న కుర్రాడికే తెలియదు. పాస్‌బుక్ మెషిన్ సంగతి అడగొద్దు, అది ఎప్పుడూ రిపేరే. మేనేజర్ గారు ఎప్పుడూ మీటింగే.

ఇంతకీ నేను అడిగేది పెద్ద కోరికేమీ కాదు. ఈసారి ఆ అధికారి మాట్లాడితే, ఒక దొంగ మెయిల్ ఫొటో ఇమ్మని అడిగి, ఎక్కడెక్కడ చూడాలో గుర్తులు పెట్టి మీరే అచ్చు వేయండి. శాఖలో ఫోన్ ఎత్తడానికి ఒక మనిషిని ఎప్పుడు పెడతారో కూడా ఆయన్నే అడిగి రాయండి.

— ఒక ఖాతాదారు, తెనాలి