వేటకు తీసుకెళ్ళే బ్యాగును మాంసం బరువును బట్టి ఎంచుకోవాలి

సంపాదకులకు,

నమస్కారం. అమెరికా పశ్చిమ రాష్ట్రాలలో వేటకు వెళ్ళే తెలుగువారు ఏయే సామగ్రి కొనుక్కోవాలో చెబుతూ మీ ప్రవాసుల పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. తుపాకి గురించి, బైనాక్యులర్ల గురించి, బూట్ల గురించి అందులో శ్రద్ధగా రాశారు. బ్యాగు విషయానికి వచ్చేసరికి మాత్రం, పొద్దున వెళ్ళి రాత్రికి ఇల్లు చేరే వేటకు మామూలు ట్రెక్కింగ్ బ్యాగు ఏదైనా సరిపోతుందని ఒక్క వాక్యంతో ముగించారు. కొలరాడో కొండలలో ఏటా వేటకు వెళ్ళేవాడిగా ఆ మాటను నేను ఒప్పుకోలేను. కొత్తగా లైసెన్సు తీసుకున్న మన కుర్రాళ్ళు దాన్ని నమ్మి బ్యాగు కొంటే నష్టపోయేది వారి నడుము, మోకాళ్ళు మాత్రమే కాదు. చంపిన జంతువు మాంసం కొండమీదే చెడిపోయే ప్రమాదం కూడా ఉంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం, అది నేరంగానే ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. ఈ ఉత్తరంలో చెప్పేదంతా కొలరాడో, మోంటానా, వయోమింగ్, ఐడహో వంటి రాష్ట్రాలలో ప్రభుత్వ లైసెన్సు మీద, నిర్ణీత రోజులలో, నిర్ణీత జంతువుకు మాత్రమే అనుమతి ఉండే వేటకు సంబంధించినది.

పగటి వేటలో బ్యాగుకు రెండు వేర్వేరు పనులుంటాయి. వెళ్ళేటప్పుడు అది మోసేది నీళ్ళు, తిండి, వాన కోటు, చలి కోటు, తలకు కట్టుకునే లైటు, కత్తి, ప్రథమ చికిత్స సామాను, మాంసం కట్టే గుడ్డ సంచులు. అన్నీ కలిపి ఎనిమిది, పది కిలోలకు మించదు. ఈ పనికి మామూలు బ్యాగు చాలన్న మాట నిజమే. కానీ జంతువు పడిన మరుక్షణం నుంచి లెక్క మారిపోతుంది. జింక జాతిలో బాగా పెద్దదైన ఎల్క్‌లో ఎదిగిన మగది 300 కిలోలకు పైగా తూగుతుంది. ఎముకలన్నీ తీసేసినా 80 నుంచి 100 కిలోల మాంసం వస్తుంది. మ్యూల్ డీర్ అనే జింక చిన్న జంతువే అయినా దాని నుంచి కూడా 25 కిలోల దాకా మాంసం దిగుతుంది. ఆ మాంసాన్ని వదిలేసి రావడం కుదరదు. నాలుగు కాళ్ళ మాంసాన్నీ, వెన్ను కండలనూ, లోపలి మెత్తని కండలనూ తినడానికి పనికొచ్చేలా తెచ్చుకోవడం కొలరాడోలో వేటగాడి చట్టబద్ధమైన బాధ్యత. అలాస్కాలో ఇంకా కఠినంగా, కొమ్ములు చివరి విడత మాంసంతో పాటే రావాలి తప్ప అంతకుముందు రాకూడదని నియమం పెట్టారు. చట్టం లేకపోయినా, ప్రాణం తీసినవాడికి ఆ మాంసాన్ని ఇంటికి చేర్చే పూచీ ఉంటుందని నా గట్టి నమ్మకం. బ్యాగు ఎంపికను నేను ఇంత పట్టుదలగా చెప్పడానికి కారణం అదే.

రోడ్డుకు మూడు మైళ్ళ దూరంలో ఎల్క్ పడిందనుకుందాం. ఒక్కరే ఉంటే, మంచి బ్యాగుతో కూడా నాలుగు విడతలైనా పడుతుంది. బరువుతో నాలుగుసార్లు బయటికి, ఖాళీగా మూడుసార్లు లోపలికి, మొత్తం 21 మైళ్ళ నడక. చిన్న బ్యాగు వేసుకుని వెళ్ళి, బరువు మోసే ఫ్రేమును, అంటే బ్యాగుకు వీపు వైపు ఉండే గట్టి చట్రాన్ని, కారులో ఉంచుకుంటే చాలని చాలామంది సలహా ఇస్తారు. అలా చేస్తే మొదట ఖాళీ చేతులతో కారు దాకా వచ్చి, మళ్ళీ వెళ్ళి మోత మొదలుపెట్టాలి. 21 మైళ్ళు కాస్తా 27 అవుతాయి. సెప్టెంబరులో విల్లుతో వేటాడేవారికి మధ్యాహ్నపు ఎండలో ఆ అదనపు గంటలు చాలా విలువైనవి. పెద్ద జంతువు తొడలో, ఎముక చుట్టూ ఉండే వేడి త్వరగా దిగకపోతే మాంసం లోపలి నుంచే పులిసిపోతుంది. మొదటి విడత మాంసం మొదటి నడకలోనే బయటికి రావాలి. అందుకు బరువు మోయగల ఫ్రేము పొద్దున బయలుదేరేటప్పుడే వీపు మీద ఉండాలి.

కాబట్టి కొనేటప్పుడు చూడవలసింది ముందు ఫ్రేము, తర్వాతే బ్యాగు. అల్యూమినియం కడ్డీలతో గానీ కార్బన్ ఫైబరుతో గానీ చేసిన ఫ్రేము, 30 కిలోల బరువు వేసినా నిలువునా వంగకుండా, ఆ బరువును భుజాల మీద కాక తుంటి ఎముకల మీదికి దింపగలగాలి. పగటి నడకకు వాడే మామూలు ట్రెక్కింగ్ బ్యాగులో వీపు వైపు ఉండేది పలుచని ప్లాస్టిక్ పలకో, స్పాంజి పలకో మాత్రమే. పది కిలోల దాకా అది హాయిగానే ఉంటుంది. ఆపైన కూలబడి బరువంతా భుజపట్టీలకు వదిలేస్తుంది.

ఫ్రేము ఎత్తు కూడా ముఖ్యమే. వేట ఫ్రేములు సాధారణంగా 24, 26 అంగుళాల ఎత్తులో దొరుకుతాయి. భుజపట్టీ పైభాగం నుంచి ఫ్రేము కొసకు వెళ్ళే చిన్న పట్టీలను లోడ్ లిఫ్టర్లంటారు. అవి భుజం నుంచి పైకి దాదాపు 45 డిగ్రీల వాలులో వెళ్ళాలి. భుజానికి సమంగానో, కిందికో ఉంటే ఆ ఫ్రేము మనకు పొట్టిదని అర్థం. మనిషి మొత్తం ఎత్తుతో దీనికి సంబంధం లేదు. తల వంచితే మెడ కింద తగిలే ఎముక బుడిపె నుంచి, రెండు తుంటి ఎముకల పై అంచులను కలిపే గీత దాకా టేపుతో కొలిపించుకోవాలి. ఆరడుగుల మనిషికి పొట్టి వీపూ, ఐదున్నర అడుగుల మనిషికి పొడుగు వీపూ ఉండడం మామూలే. నడుము పట్టీని చాలామంది బొడ్డు దగ్గర బిగిస్తారు, అది పొరపాటు. పట్టీ మధ్యభాగం తుంటి ఎముక అంచు మీద కూర్చోవాలి. మంచి తయారీదారులు ఈ పట్టీని నడుము కొలతను బట్టి విడిగా అమ్ముతారు. పూర్తిగా బిగించిన తర్వాత కూడా ముందు ఇంకా లాగడానికి కాస్త పట్టీ మిగలాలి, ఎందుకంటే బరువుతో నడుస్తూ ఉంటే అది వదులవుతూనే ఉంటుంది.

ఇక మాంసం ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న. నేటి వేట బ్యాగులలో మెచ్చుకోదగిన ఏర్పాటు ఇదే. బ్యాగును ఫ్రేము నుంచి ఎడంగా జరిపి, ఆ రెంటి నడుమ మాంసాన్ని పెట్టి పట్టీలతో బిగించవచ్చు. దీన్నే లోడ్ షెల్ఫ్ అంటారు. కిఫారు, మిస్టరీ రాంచ్, స్టోన్ గ్లేసియర్, ఎక్సో మౌంటెన్ గేర్ వంటి సంస్థలు తమ తమ పద్ధతుల్లో ఈ ఏర్పాటునే అందిస్తున్నాయి. మార్కెట్ యార్డులో హమాలీ బస్తాను వీపు పైభాగాన, వెన్నుకు ఆనించి పెట్టుకుని నడుస్తాడు. మాంసం విషయంలోనూ అంతే, బరువు వెన్నుకు ఎంత దగ్గరగా, ఎంత పైన ఉంటే నడక అంత నిలకడగా ఉంటుంది. పైగా రక్తం, తడి ఫ్రేము వైపే ఉండి లోపలి బట్టలకు, తిండికి అంటవు.

ఎముక ఉన్న తొడ తన ఆకారం తానే నిలుపుకుంటుంది కాబట్టి కట్టడం తేలిక, కానీ ఎముక బరువు అదనం. ఎముక తీసిన మాంసం తేలికే గానీ నడుస్తుంటే అడుగుకు జారి ముద్దగా పేరుకుంటుంది. దాన్ని చిన్న గుడ్డ సంచులలో విడివిడిగా కట్టి, అడుగున ఒక పట్టీ అడ్డంగా ఉండేలా చూసి, పైకి బిగించాలి. అడుగున అటువంటి ఆధారం లేని ఫ్రేమును నేను ఎవరికీ సిఫారసు చేయను. ఏ పద్ధతిలో తెచ్చినా, జంతువు మగదో ఆడదో తెలిపే ఆనవాలు మాంసంలో ఒక ప్రధాన భాగానికి సహజంగా అతుక్కునే ఉండాలన్న నిబంధనను మరువకూడదు.

దుకాణాలలో అందరూ ముందుగా అడిగేది ఎన్ని లీటర్ల బ్యాగు అని. మాంసం మోతకు లీటర్ల లెక్క అంతగా అక్కరకు రాదు. ఎముక తీసిన మాంసం సాంద్రత దాదాపు నీటి సాంద్రతతో సమానం కాబట్టి 27 కిలోల మాంసం పట్టేది సుమారు 27 లీటర్ల చోటులోనే. మనిషి మోయలేని బరువు చిన్న బ్యాగులోనూ ఇమిడిపోతుందన్న మాట. పగటి వేటకు 30 నుంచి 45 లీటర్ల బ్యాగు చాలు, దాని వెనుక ఉన్న ఫ్రేము బలంగా ఉంటే.

గుడ్డ గురించి క్లుప్తంగా చెబుతాను. 500 డెనియర్ (దారం మందాన్ని తెలిపే కొలత) కార్డ్యూరా రకం నైలాను గట్టిది, కొమ్మలు రాసుకున్నా పెద్దగా చప్పుడు చేయదు. పొరలు అతికించి చేసే కొన్ని కొత్తరకం గుడ్డలు నీటిని బాగా ఆపుతాయి, తేలికగానూ ఉంటాయి, కానీ కొమ్మ తగిలితే గరగరలాడతాయి. విల్లు వేటగాళ్ళు వాటిని తాకి, గీకి చూసి కొనడం మంచిది.

రంగు విషయంలో మాత్రం నిర్లక్ష్యం పనికిరాదు. కొలరాడోలో తుపాకితో పెద్ద జంతువులను వేటాడేవారు నడుముకు పైన కనీసం 500 చదరపు అంగుళాల మేర మెరిసే నారింజ రంగు గానీ గులాబీ రంగు గానీ వేసుకోవాలి, అందులో కొంత భాగం అన్ని వైపుల నుంచీ కనిపించే టోపీగానో తలపాగాగానో ఉండాలి. ఆకుల రంగు బ్యాగు తగిలించుకుంటే చొక్కా మీది నారింజ రంగు వెనుక నుంచి పూర్తిగా మూసుకుపోతుంది. బ్యాగు మీద తొడిగే నారింజ రంగు వాన తొడుగు ఒకటి తప్పకుండా కొనుక్కోవాలి. కొమ్ములు కట్టుకుని దిగివచ్చేటప్పుడు వాటికి కూడా అదే రంగు గుడ్డ చుట్టాలి. పొదల్లో కదిలే కొమ్ములను దూరం నుంచి చూసినవాడికి వాటి కింద మనిషి ఉన్నాడని తెలియాలి కదా. గ్రిజ్లీ ఎలుగులుండే మోంటానా, వయోమింగ్ అడవులలోనైతే ఎలుగును అడ్డుకునే బేర్ స్ప్రేను బ్యాగు లోపల కాక నడుము పట్టీ మీదే, చేతికి అందేలా పెట్టుకోవాలి.

మాంసం నేరుగా బ్యాగు గుడ్డకు తగలకూడదు. గాలి ఆడే గుడ్డ సంచులు నాలుగైదు ఎప్పుడూ బ్యాగులోనే ఉండాలి. ప్లాస్టిక్ సంచిలో కట్టిన వేడి మాంసం త్వరగా పాడవుతుంది. రక్తపు మరకలను చన్నీటితోనే కడగాలి, వేడినీరు పోస్తే మరక గుడ్డలో నిలిచిపోతుంది. జింక జాతి జంతువులకు సోకే క్రానిక్ వేస్టింగ్ డిసీజ్ అనే మెదడు జబ్బును తొలిసారి 1967లో ఇదే కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్‌లో గుర్తించారు. మెదడు, వెన్నుపాము ఉన్న భాగాలను రాష్ట్రాల సరిహద్దు దాటించడంపై చాలా రాష్ట్రాలు ఆంక్షలు పెట్టాయి. కాబట్టి అక్కడికక్కడే విడదీసి, వెన్నెముకను అక్కడే వదిలి, మాంసాన్ని మాత్రమే బ్యాగులో తేవడం నడుముకూ మంచిదే, నిబంధనలకూ అనుకూలమే.

ఈ సలహా అందరికీ వర్తించదని కూడా చెప్పాలి. టెక్సాస్‌లో వేటలో ఎక్కువ భాగం ప్రైవేటు భూములలోనే జరుగుతుంది. మంచె మీద కూర్చుని తెల్లతోక జింకను కొట్టి, దాని పక్కకే బండి తెచ్చుకోగలిగిన డాలస్ మిత్రులకు చిన్న బ్యాగు చాలు. పశ్చిమ కొండలలో ప్రభుత్వ భూముల మీద కాలినడకన తిరిగేవారికే ఈ ఖర్చు తప్పదు. ఖర్చు నిజంగానే ఎక్కువ. పేరున్న ఫ్రేము, బ్యాగు కలిపి కొత్తవైతే 500 నుంచి 800 డాలర్ల దాకా అవుతాయి. అంత పెట్టలేనివారు వాడిన ఫ్రేము కొనుక్కోవచ్చు, లేదా బ్యాగు లేని పాతరకం బయటి ఫ్రేమును 200 డాలర్ల లోపు తీసుకుని తమ దగ్గరున్న చిన్న బ్యాగును దానికి కట్టుకోవచ్చు. చూడడానికి బాగుండదేమో గానీ, ఫ్రేము లేని ఖరీదైన బ్యాగు కంటే అది ఎన్నో రెట్లు నయం. తుపాకి మీద పెట్టే డబ్బులో కొంత తగ్గించి ఫ్రేము మీద పెట్టమని నన్ను అడిగినవారందరికీ చెబుతూ ఉంటాను.

కొన్నాక సీజను దాకా మూలన పెట్టకూడదు. అమెరికాలో మన ఇళ్ళలో 20 పౌండ్ల సోనామసూరి బియ్యం సంచులు ఎలాగూ ఉంటాయి. మూడు సంచులను తువ్వాళ్ళలో చుట్టి లోడ్ షెల్ఫులో బిగిస్తే 60 పౌండ్లు, అంటే సుమారు 27 కిలోలు, ఎల్క్ వెనక తొడ ఒక్కటి తూగేంత. ఆ బరువుతో ఎత్తుపల్లాలున్న దారిలో గంటసేపు నడవాలి. భుజాలు తిమ్మిరెక్కితే ఫ్రేము పొట్టిదన్నమాట, పట్టీ తుంటి మీది నుంచి జారిపోతుంటే దాని కొలత పెద్దదన్నమాట, బరువు అటూఇటూ ఊగుతుంటే కట్టు వదులన్నమాట. దుకాణం వాపసు గడువు ముగియకముందే ఈ పరీక్ష పూర్తిచేసి, సరిపడని బ్యాగును తిరిగి ఇచ్చేయాలి. అందుకని ఇంట్లోనే, మట్టి అంటకుండా, ధరల చీటీలు తీయకుండా మొదట కాసేపు వేసుకుని చూసి, కొలతలు కుదిరాయని తేలాకే బయటి నడకకు తీసుకెళ్ళాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు,
డెన్వర్, కొలరాడో