గెడ్డం కథ

విజయనగరం,
ఆదివారం, అన్నాలయ్యాక

ఒరే సత్తిగా,

ముందు తిట్టేసుకో, తర్వాత చదువు. నీ ఉత్తరాలకి జవాబు లేదు, ఫోన్ చేస్తే "తర్వాత చేస్తాన్రా" అని పెట్టేశాను. ఊరికే కాదు. ఫోన్‌లో చెబుదామంటే మా ఇంట్లో గోడలకి కూడా చెవులే, పైగా నువ్వు మధ్యలో నవ్వేస్తావు. కాయితం మీదైతే నాది పూర్తయ్యాకే కదా నవ్వుతావు.

ఇంటి సంగతులు బేగి చెప్పేస్తాను. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి. గుంటడు ఇంటర్ రెండో ఏడాది. వంటింటి కప్పు మళ్ళీ కారుతోంది. మిల్లు తెరిచే ఉంది, ఇవాళ్టికి. అంతే.

ఇప్పుడు విను. మార్చి లెక్కలు ఒప్పచెప్పిన మర్నాడు, గంటస్తంభం దగ్గర సూరిబాబు సెలూన్‌కి వెళ్ళాను. మెడచుట్టూ గుడ్డ కట్టాడు, నురగ రాశాడు, కుడి చెంప గీసేశాడు. ఎడమ చెంపకి తిరిగాడో లేదో, గుండె ఒక్క ఉదుటున కొట్టుకోడం మొదలెట్టింది. ఎందుకో తెలీదు. ఫ్యాన్ తిరుగుతోంది, రేడియో వాగుతోంది, అంతా మామూలే. వేళ్ళు తిమ్మిరెక్కాయి, పెదాలు మొద్దుబారాయి, ఒళ్ళంతా చెమట. అద్దంలో ఉన్నవాడు నేను కాదేమో అనిపించింది. ఆ ముక్క ఎలా చెప్పాలో ఇప్పటికీ తెలీడం లేదురా. ఒక్కటే తెలుసు, ఇక్కడే, ఈ కుర్చీలోనే పోతున్నాను.

"ఏటి బాబూ, కత్తి తగిలిందేటి?" అన్నాడు సూరిబాబు. గుడ్డ మెడకే ఉంది, నురగ సగం మొహానికే ఉంది, లేచి రోడ్డు మీదకి పరిగెత్తాను. ఆటో ఎక్కించింది ఎవరో కూడా గుర్తులేదు. (నవ్వకన్నాను కదా.)

ఏ ఆసుపత్రో అడక్కు. ఈసీజీ తీశారు, రక్తం తీశారు, గుండె శుభ్రంగా ఉందన్నారు. ఆ డ్యూటీ డాక్టరు నా మొహం సరిగ్గా చూడనైనా లేదు. "గ్యాసండీ" అని ఒక ఇంజక్షన్ పొడిపించి పంపేశాడు. పోనీ గ్యాసే అనుకుందామంటే, తర్వాతి వారం అర్ధరాత్రి నిద్రలోంచి లేపింది. మళ్ళీ బస్సులో. మళ్ళీ క్యాంటీన్లో. అమ్మ దిష్టి తీసింది, మీ చెల్లెమ్మ గుమ్మడికాయ కట్టింది. నేను మటుకు అది వచ్చిన చోటికల్లా వెళ్ళడం మానేశాను. బస్సు మానేశాను, సినిమాకెళ్తే చివరి కుర్చీ, పెళ్ళికెళ్తే గుమ్మం పక్కనే. సెలూన్ అయితే ఆ వీధిలోకే పోలేదు. ఇంట్లో గీసుకోవచ్చు కదా అంటావు. నురగ వాసనొస్తే చాలు, గుండె లేచేది.

అదీ గెడ్డం వెనక కథ. ఊరికి ఆ కథ తెలీదు కదా, తలా ఒక కథ అల్లుకున్నారు. మిల్లు గేటు దగ్గర "తిరపతి మొక్కా?" అన్నారు. ఒకడు మండుటెండల్లో "మాలేసుకున్నారా సామీ" అని దండం పెట్టాడు. అన్నిటికన్నా మీ చెల్లెమ్మ పడిన అవస్థ చెప్పాలి. కుళాయి దగ్గర ఆడవాళ్ళు చెవిలో అడిగారట, "ఎన్నో నెలమ్మా?" అని. పెళ్ళాం కడుపుతో ఉంటే మొగుడు గెడ్డం తియ్యడు కదా! ఇంటర్ చదివే కొడుకుని పెట్టుకుని... ఆ రోజు నాకు అన్నం పెట్టలేదు.

ఆ ఆకలే నన్ను డాక్టరమ్మ దగ్గరికి పంపింది. వైజాగ్‌లో మనసు డాక్టరు. పిచ్చి డాక్టరని మనం ఎగతాళి చేసేవాళ్ళమే, ఆవిడ. నా కాగితాలన్నీ ఓపిగ్గా చదివింది, థైరాయిడ్ పరీక్ష కూడా చేయించింది, గుండెలో ఏం లేదని తేల్చుకుంది. అప్పుడు "ఒక నిమిషం బేగిబేగి, గట్టిగట్టిగా ఊపిరి తీయండి" అంది. తీశాను. నిమిషం నిండలేదురా సత్తీ, వేళ్ళు తిమ్మిరి, పెదాలు మొద్దు, తల తేలిపోడం! "మీకొచ్చేది ఇదేనా?" అంది. ఇదే! సెలూన్ లేదు, కత్తి లేదు, చావు లేదు. నా ఊపిరితో నేనే తెప్పించుకున్నాను.

గాలి ఎక్కువ లాగేస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోతుందట. దాంతో తిమ్మిర్లు, తల తిరుగుడు. మరి ఊపిరి ఎందుకు ఎగిసింది? ఆపద అనుకుని ఒళ్ళు అడ్రినలిన్ అనే హార్మోను వదులుతుంది. పాము కనపడితే పరిగెత్తడానికి ఉండాల్సిందే అది. ఇక్కడ పాము లేదు. మన మిల్లు సైరన్ ఒకసారి నిప్పు లేకుండానే మోగితే అందరం గోడ దూకాం చూడు, అలాగ. గుండె దడదడమనగానే బుర్ర "పోతున్నాను" అంటుంది, ఆ మాటకి ఇంకాస్త అడ్రినలిన్, ఇంకాస్త దడ. దీన్ని ప్యానిక్ ఎటాక్ అంటారట. సాధారణంగా పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, తర్వాత దానంతటదే దిగిపోతుంది. దానివల్ల ఎవరూ చావరు.

"సరే, నాకే ఎందుకు?" అన్నాను. ఒక్క కారణం చెప్పమంటే ఒక్కటి లేదంది. ఎన్ని గంటలు పడుకున్నారు? మార్చిలో నేను పడుకుందెప్పుడు. టీలు? క్యాంటీన్ కుర్రాడు నా బల్ల మీద ఖాళీ గ్లాసు ఉండనివ్వడు. సిగరెట్లు? (నువ్వు అలవాటు చేసినవే.) మిల్లు ఎప్పుడు మూస్తారో తెలీదు. ఇంట్లో ఎవరికైనా ఉందా అంది. రక్తసంబంధంలో ఉంటే వచ్చే వీలు ఎక్కువట. రాజాం అత్త గుర్తొచ్చింది. అర్ధరాత్రి లేచి "గాలాడ్డం లేదు, నన్ను వాకిట్లో పడుకోబెట్టండ్రా" అని కేకలేసేది కదా, తాయెత్తులు కట్టేవారు. ఎవరూ డాక్టరుకి చూపించలేదు.

ఆఖర్న నాన్న గురించి అడిగింది. గుండెతోటే కదా పోయాడు. ఈ ఏడాదే నేను ఆ వయసుకొచ్చాను. నోటితో అనేదాకా నాకే తట్టలేదురా. గుండె కాస్త గట్టిగా కొట్టుకుంటే బుర్ర ఎటు పోతుందో... ఆ రాత్రి సైకిలు మీద డాక్టరు కోసం వెళ్ళింది నువ్వే కదా. సరే, వద్దులే.

మాత్రలిచ్చింది. రోజూ వేసుకునేది పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, బాగుందని చెప్పి సొంతంగా ఆపేయొద్దంది. వెంటనే నెమ్మదించే రకం ఒకటుంది కానీ అది అలవాటైపోతుందని కొద్ది రోజులే ఇచ్చింది. సాయంత్రం తర్వాత టీ బంద్. సిగరెట్ బంద్, దాదాపు. పెద్దచెరువు గట్టు మీద నడక. ఇవన్నీ ఎవడైనా చెబుతాడు. అసలు మందు వేరే. నాకు ఏ దడంటే భయమో ఆ దడే రోజూ తెప్పించుకోవాలి! ఉన్నచోటే పరుగు పెట్టాలి, స్ట్రాలోంచి ఊపిరి పీల్చాలి, తిరిగే కుర్చీలో గిరగిరా తిరగాలి. అప్పుడు ఆ దడ దడే, చావు కాదు అని ఒంటికి తెలుస్తుందట. తలుపేసుకుని కుర్చీలో తిరుగుతుంటే అమ్మ కిటికీలోంచి చూసింది. వేపమండలు పట్టుకుని వచ్చేసింది. ఆవిడకి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు ప్యానిక్ వచ్చినంత పనైంది.

ఇక సూరిబాబు. వాడికి విషయం చెప్పేశాను, దాచి ఏం లాభం. "కూకోండి బాబూ, కత్తి తియ్యన్లే" అన్నాడు. కొన్నాళ్ళు బెంచీ మీద పేపరు చదివి వచ్చేసేవాణ్ణి. తర్వాత కుర్చీలో, గుడ్డ లేకుండా. తర్వాత గుడ్డతో. దడ వస్తే లేచిపోకూడదు, అది దిగేదాకా కూర్చోవాలి, జేబులో మాత్ర పెట్టుకుని ధైర్యం తెచ్చుకోకూడదు. ఇవీ డాక్టరమ్మ షరతులు. నేను కళ్ళు మూసుకుని కూర్చుంటే సూరిబాబు పక్కవాళ్ళతో "బాబు ట్రీట్‌మెంట్‌లో ఉన్నారు, కదపకండి" అనేవాడు, ఫీజు తీసుకునే మనిషిలా. వినాయకచవితి ముందు ఎడమ చెంప పూర్తిచేశాడు. మార్చిలో కుడి చెంపకి ఇవ్వాల్సింది కూడా కలిపి తీసుకున్నాడు, దొంగవెధవ.

మొన్న మంగళవారం మన పైడితల్లమ్మ పండగ, సిరిమాను. మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర, జనం మధ్యలో నిలబడ్డాను, కావాలనే. పూజారి ఆ మాను చిటారున ఊగుతూ వస్తున్నాడు, వెనక్కి అడుగేసే చోటు లేదు, మొదలైంది. రానీ అనుకున్నాను. నెమ్మదిగా ఊపిరి వదులుతూ నిలబడ్డాను. ఎక్కింది, ఎక్కింది, దిగింది. ఈలోగా సిరిమాను మీదకి ఎవడో విసిరిన అరటిపండు నా నెత్తిన పడింది. పూర్తిగా తగ్గిందా అంటే లేదురా, అప్పుడప్పుడూ వస్తుంది. దాని జోలికి నేను పోను, కంగారూ పడను.

ఇదంతా ఇంత పొడుగున రాయడానికి ఇంకో కారణం ఉంది. మీ బామ్మర్ది లోకల్ ట్రైన్ ఎక్కలేక డ్యూటీ మానేస్తున్నాడని, గుండె పరీక్షలన్నీ బాగానే ఉన్నాయని రాశావు కదా. పరీక్షలు చేయించడం మంచిపనే, గుండెనొప్పి వస్తే ముందు అదే చూపించుకోవాలి. ఆ తర్వాత వాణ్ణి "ధైర్యంగా ఉండ్రా" అని చంపకు. సినిమాల్లోలాగ మొహానికి కవరు పెట్టి ఊపిరి పీల్చమనీ అనకు, డాక్టరమ్మ అది వద్దంది. 14416కి ఫోన్ చెయ్యమను. టెలి మానస్ అని 2022లో సర్కారు పెట్టింది. డబ్బుల్లేవు, రాత్రయినా పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడతారు. వాడు చెయ్యనంటే నా గెడ్డం ఫోటో పంపుతాను, చూపించు.

రాజాం అత్త గురించి ఇంకోటి చెప్పాలి. పోయేముందు ఆవిడ నన్ను పిలిచి... ఇదిగో, అప్పన్న మావ కొడుకు వచ్చేశాడు, ఖరగ్‌పూర్ రైలుకి వేళయిందట, చెప్పులు కూడా విప్పడం లేదు. ఆటో హారన్ కొడుతోంది. అమ్మ అరిసెలు కూడా వీడి చేతికే ఇస్తోంది. లెక్కపెట్టే ఇచ్చాం, వీడి సంగతి నీకు తెలుసు కదా, దిగగానే

నీ
పెదబాబు