శిక్షణ గంటలు స్కానింగ్ గదిలోకీ రావాలి

సంపాదకులకు నమస్కారం.

వైద్యులు ఐదేళ్లలో కనీసం 30 గంటలు నిరంతర వైద్య విద్యకు కేటాయించాలని 2002 నాటి నియమావళి చెబుతోంది. రేడియాలజీలోనూ, రేడియేషన్‌తో క్యాన్సర్‌కు చికిత్స చేసే రేడియేషన్ ఆంకాలజీలోనూ ఆ గంటలు చాలావరకు హాల్లో కూర్చుని స్లైడ్లు చూడటంతోనే గడిచిపోతున్నాయి. బటన్ నొక్కే టెక్నీషియన్లు ఆ హాల్లో ఉండరు. రోగి ఒంట్లోకి ఎంత రేడియేషన్ వెళ్తుందన్నది చాలాసార్లు తేలేది మాత్రం వాళ్ల చేతిలోనే.

సీటీ బల్ల ఎత్తునే చూడండి. రోగిని గ్యాంట్రీ (స్కానర్‌లోని గుండ్రటి చట్రం) నడిమధ్యకు తేకుండా నాలుగైదు సెంటీమీటర్లు పైకి ఉంచి, ఎక్స్‌రే ట్యూబు పైనుండగా స్కౌట్ (అసలు స్కాన్‌కు ముందు తీసే బొమ్మ) తీస్తే నీడ పెద్దదిగా పడుతుంది. మనిషి లావనుకుని యంత్రం ఎంఏను, అంటే ట్యూబు కరెంటును, పెంచేస్తుంది; దాంతో డోసూ పెరుగుతుంది. కిందికి ఉంచితే తగ్గించేస్తుంది, బొమ్మ ఇసుక చల్లినట్టు వస్తుంది. ఛాతీ స్కాన్‌కైతే పక్క లేజర్ గీత చంక మధ్యగా పడేలా బల్ల సర్దితే చాలు, అర నిమిషం పని. పసివాడి తలకు పెద్దల ప్రోటోకాల్ (స్కాన్ సెట్టింగులు) అలాగే ఉండిపోవడం ఇంకా పెద్ద తప్పు. స్కాన్ మొదలుపెట్టే ముందు తెరమీద సీటీడీఐ (ఆ స్కాన్ ఇవ్వబోయే డోసు సూచిక) అంకె చూసే అలవాటుంటే అక్కడే దొరికిపోతుంది.

ఒకప్పుడు నేర్చుకున్నదీ మారుతుంది. కటి ఎక్స్‌రేలో జననాంగాల మీద సీసపు తొడుగు కప్పాలని తరాలుగా నేర్పారు. 2019లో అమెరికా మెడికల్ ఫిజిసిస్టుల (వైద్యంలో రేడియేషన్ డోసు లెక్కలు చూసే భౌతికశాస్త్ర నిపుణుల) సంఘం ఆ అలవాటు మానుకోమంది. ఎక్స్‌రే ఎంతసేపు ఇవ్వాలో తేల్చే ఆటోమేటిక్ ఎక్స్‌పోజర్ సెన్సర్ మీదికి తొడుగు జరిగితే డోసు పెరుగుతుంది. చూడాల్సిన ఎముకను కప్పేస్తే ఎక్స్‌రే మళ్లీ తీయాల్సిందే.

రేడియోథెరపీలో పొరపాటు ఖరీదు ప్రాణం. కిరణం తీవ్రతను ఒక పక్కకు తగ్గించేది వెడ్జ్. మామూలు వెడ్జ్ లోహపు ముక్క, కిరణాన్ని కొంత మింగేస్తుంది కాబట్టి మానిటర్ యూనిట్లు (యంత్రం వదిలే రేడియేషన్ కొలత) ఎక్కువ ఇవ్వాలి. డైనమిక్ వెడ్జ్‌లో ఆ లోహం ఉండదు, యంత్రంలోని కదిలే పలకే ఆ పని చేస్తుంది; యూనిట్లు తక్కువ చాలు. ఫ్రాన్స్‌లోని ఎపినాల్‌లో 2004-05లో లెక్క మొదటిదానికి కట్టి, చికిత్స రెండోదానితో ఇచ్చారు. ఇరవై మందికి పైగా ప్రోస్టేట్ రోగులకు డోసు మించిపోయింది, కొందరు చనిపోయారు. సాఫ్ట్‌వేర్ సూచనలు ఫ్రెంచిలో లేవు, సిబ్బందికిచ్చిన శిక్షణా చాలలేదు. యంత్రాన్ని నడిపే మన కన్సోళ్ల పక్కన తెలుగులో రాసి అంటించిన సూచనలు ఎన్నిచోట్ల ఉన్నాయి?

రెండు తెలుగు రాష్ట్రాల వైద్య మండళ్లు ఈ రెండు విభాగాల వైద్యుల 30 గంటల్లో కనీసం పది యంత్రం దగ్గరే, ఫిజిసిస్టుతోనూ టెక్నీషియన్లతోనూ కలిసి గడిపినవై ఉండాలని నిబంధన పెట్టాలి. 2021 చట్టం కింద అనుబంధ వైద్య సిబ్బందికి వచ్చే రాష్ట్ర మండళ్లు టెక్నీషియన్ల శిక్షణ గంటలనూ లెక్కలోకి తీసుకోవాలి. జిల్లా ఆసుపత్రి సిబ్బంది ఊరు దాటి రాలేరు, అందుకని శిక్షకులే అక్కడికి వెళ్లాలి. కొత్త యంత్రమో కొత్త సాఫ్ట్‌వేరో వస్తే, అన్ని షిఫ్టుల వాళ్లూ నేర్చుకుని, ఫిజిసిస్టు విడిగా డోసు కొలిచి సంతకం పెట్టేదాకా మొదటి రోగిని బల్ల ఎక్కించకూడదు.

— ఒక మెడికల్ ఫిజిసిస్టు, గుంటూరు