నీళ్ళలో ఉండి కూడా వాడిపోయిన మొక్కలు: మీ హైడ్రోపోనిక్ కిట్‌పై ఫిర్యాదు

కూకట్‌పల్లి, హైదరాబాద్
14 ఏప్రిల్ 2025

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: ఇండోర్ కిట్‌తో ఇచ్చిన కాగితంలో తప్పు కొలత, డబ్బు వాపసు గురించి.

నమస్కారం. మట్టి లేకుండా నీళ్ళలోనే మొక్కలు పెంచే మీ 12 మొక్కల హైడ్రోపోనిక్ కిట్ మార్చిలో రూ. 4,499 పెట్టి కొన్నాను. బిల్లు, ఫొటోలు జతచేశాను. స్పాంజి ముక్కల్లో పెట్టిన లెట్యూస్, పాలకూర గింజలు బాగానే మొలిచాయి. రెండు వారాలకు తొట్టిలోకి మార్చాను. మూడో రోజు మధ్యాహ్నానికి పన్నెండూ తలలు వాల్చేశాయి.

మీ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే, "నీళ్ళు ఎక్కువైనట్టున్నాయి, తగ్గించండి మేడమ్" అన్నారు. నీళ్ళలోనే బతికే మొక్కకి నీళ్ళు తగ్గించడం ఎలాగండీ అని అడిగితే హోల్డ్‌లో పెట్టారు. పది నిమిషాలు పాట విన్నాను.

ఇక నేనే కూర్చుని చూశాను. మీ కాగితంలో లీటరు నీళ్ళకు ఏ, బి సీసాల్లోని పోషకాల మందులు 5 మి.లీ. చొప్పున, రెండూ ఒకే గ్లాసులో కలిపి పొయ్యమని ఉంది. సీసా మీద లేబుల్‌లో మాత్రం 2 మి.లీ. అని ఉంది. నేను కాగితాన్నే నమ్మాను. గ్లాసులో కలపగానే మజ్జిగలా తెల్లగా విరిగింది. ఏ సీసాలోని కాల్షియం, బి సీసాలోని ఫాస్ఫేట్ నీళ్ళు కలపకుండా కలిస్తే అడుగున పేరుకుంటాయి, మొక్కకి అందవు. రెండు సీసాలు విడివిడిగా ఇచ్చిందే అందుకు కదా!

నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటర్ కొని తొట్టిలో పెడితే 2,640 పీపీఎం (సుమారు లీటరుకు అన్ని మి.గ్రా.) చూపించింది. లేత లెట్యూస్‌కి 500 దాటకపోతే మంచిది. ఉప్పు ఆవకాయ ముక్కలోంచి నీరు లాగేసినట్టు, ఆ చిక్కటి నీళ్ళు వేళ్ళకి నీరందకుండా చేశాయి. మా బోరు నీళ్ళే 480 ఉంటాయి, అది మీ తప్పు కాదు. పడమటి కిటికీ పక్కన పెట్టడం నా పొరపాటే. నీళ్ళు 31 డిగ్రీలకి వేడెక్కాయి. వేడి నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది, పైగా మీ పెట్టెలో నీళ్ళలోకి గాలి ఊదే ఎయిర్ పంపే లేదు. విడిగా కొనుక్కోవాలన్న మాట ఎక్కడా రాయలేదు. ఒక మొక్కని పైకి తీస్తే, తెల్లగా ఉండాల్సిన వేరు టీ రంగుకి తిరిగింది. చేత్తో పట్టుకుని లాగితే పైతొక్క జారిపోయి లోపలి దారం మిగిలింది. మురుగు వాసన.

తొట్టి కడిగి, ఆర్వో నీళ్ళు పోసి, మందు లీటరుకు 1 మి.లీ. చొప్పున విడివిడిగా కలిపి, చేపల తొట్టి పంపు పెట్టి, కిటికీకి దూరంగా జరిపాను. మూడు మొక్కలు తేరుకుని కొత్త ఆకు వేశాయి. తొమ్మిది పోయాయి. మా అత్తగారు "మట్టిలో వేసుంటే ఈపాటికి పప్పులో పడేది" అంటున్నారు. నా దగ్గర జవాబు లేదు.

కాబట్టి కిట్ వెనక్కి తీసుకుని రూ. 4,499 వాపసు ఇవ్వండి. ఆ కాగితం సరిచేసి, ఇప్పటికే కొన్నవాళ్ళందరికీ మెసేజ్ పంపండి. పంపు అవసరమని పెట్టె మీదే రాయండి. 15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేస్తాను.

ఇట్లు,
మీ కిట్ కొన్న వినియోగదారురాలు